‘ఫ్యాలసీ’ అన్నందుకు రూమ్మేట్ మాట్లాడటం మానేశాడు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న:

నమస్తే అక్కా. మాది నాగర్‌కర్నూల్ దిక్కు, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు అశోక్ నగర్‌ల హాస్టల్‌ల ఉండి గ్రూప్-1కు ప్రిపేర్ అయితున్న, పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలనే ఉంట. ఇంగ్లీష్ పేపర్ల ఎడిటోరియల్ చదివి రోజుకు పది కొత్త పదాలు నోట్‌బుక్‌ల రాసుకుంట. అట్ల దొరికిందే ఈ ‘ఫ్యాలసీ’. పక్కన ‘తప్పుడు నమ్మకం’ అని అర్థం రాసుకున్న. మాక్ టెస్ట్ ఎస్సేల ‘ఐ కమిటెడ్ మెనీ ఫ్యాలసీస్ ఇన్ మై ప్రిపరేషన్’ అని రాస్తే సార్ ఎర్ర పెన్నుతోని గీత కొట్టిండు, ఎందుకో చెప్పలే. అది పోనీ. మా రూమ్మేట్‌ది మాది ఒక్కటే మండలం. వాడు రోజూ ‘ఇంగ్లీష్ మీడియం వాళ్లకే గ్రూప్-1 వస్తది, మనసొంటోళ్లకు రాదు’ అంటడు. మొన్న రాత్రి కోపమొచ్చి ‘యూ ఆర్ ఎ ఫ్యాలసీ’ అన్న. వాడు ఫోన్ల అర్థం చూసుకొని ‘నేను అబద్ధమా, మోసమా’ అన్నడు, అప్పటిసంది మాట్లాడుతలేడు. ఈ పదం ఎక్కడ వాడాలె, ఎక్కడ వాడొద్దు, కొంచెం చెప్పు అక్కా. వాడు అనే మాట ఫ్యాలసీనే కదా?

సమాధానం:

తమ్ముడూ, నీ చివరి ప్రశ్న దగ్గరే నా మనసు ఆగింది, కానీ దానికి జవాబు చెప్పాలంటే ముందు పదం సంగతి తేల్చుకోవాలి. అది తేలకుండా నీ ఫ్రెండ్ మాట ఫ్యాలసీనా కాదా అని చెప్తే నేనూ నీలాగే తొందరపడ్డట్టు అవుతుంది.

నీ నోట్‌బుక్‌లో రాసుకున్న అర్థం తప్పు కాదు, సగం. మిగతా సగం లేకపోవడం వల్లే ఎర్ర గీత పడింది, దోస్తీ కూడా చెడింది. ఎవరికైనా ఒక విషయం తప్పుగా తెలిస్తే ఇంగ్లీష్‌లో అదంతా ఫ్యాలసీ అయిపోదు. చార్మినార్ సికింద్రాబాద్‌లో ఉందని ఎవరైనా అనుకుంటే అది ఉత్త తప్పు సమాచారం, సరిదిద్దితే అయిపోతుంది. అదే ఇంకొకరు ‘మా కాలనీలో నల్లా రోజూ వస్తుంది, కాబట్టి సిటీలో నీళ్ల ఇబ్బంది లేదు’ అన్నారనుకో, అది ఫ్యాలసీ. తేడా చూశావా, రెండో మాటలో ఒక ‘కాబట్టి’ ఉంది. వాళ్ల ఇంట్లో నల్లా రోజూ వచ్చే మాట నిజమే అయ్యుండొచ్చు, కానీ అక్కడి నుంచి సిటీ మొత్తానికి వేసిన అడుగు నిలబడదు. ఆ తప్పటడుగు పేరే ఫ్యాలసీ. నేను పిల్లలకి ఎప్పుడూ ఇదే చెప్తా, ఆ ‘కాబట్టి’ని వెతకండి అని. పైకి కనపడకపోతే లోపల ఎక్కడో దాక్కుని ఉంటుంది, ‘అందుకే’ రూపంలోనో ‘అంటే’ రూపంలోనో.

ఇంకో వాడుక కూడా ఉంది, ఎడిటోరియల్స్‌లో నీకు ఎక్కువగా తగిలేది అదే. చాలామంది నిజమని నమ్మేసి, చెప్పుకుంటూ పోయే తప్పు నమ్మకాన్ని కూడా ఫ్యాలసీ అంటారు. ‘ఇట్ ఈజ్ ఎ కామన్ ఫ్యాలసీ దట్ విలేజ్ చిల్డ్రన్ కెనాట్ లెర్న్ ఇంగ్లీష్’ అన్నట్టు. ఇక్కడ కూడా మూలంలో ఒక కాబట్టి ఉంటుంది, కాకపోతే అందరూ చెప్పీ చెప్పీ అది అరిగిపోయి నమ్మకం మాత్రమే మిగిలి ఉంటుంది.

ఇప్పుడు నీ ఎస్సే వాక్యం. రివిజన్ చేయలేదు, పాత పేపర్లు చూడలేదు, టైమ్ వేస్ట్ చేశావు, ఇవన్నీ చేసిన పనుల్లో తప్పులు, వీటికి ‘మిస్టేక్స్’ చాలు, ‘ఐ మేడ్ మెనీ మిస్టేక్స్ ఇన్ మై ప్రిపరేషన్’ అని రాస్తే ఎవరూ గీత కొట్టరు. ‘కమిట్’ అనే క్రియ తప్పేమో అని భయపడకు, అది తప్పు కాదు, తర్కం మాట్లాడేటప్పుడు ‘ది ఆథర్ కమిట్స్ ఎ ఫ్యాలసీ హియర్’ అంటారు, కానీ అది వాదనలో జరిగిన పొరపాటు గురించి. నీకు ఎలాగైనా ఆ పదం వాడాలని ఉంటే వాక్యాన్నే మార్చుకోవాలి: ‘ఐ బిలీవ్డ్ ఇన్ ద ఫ్యాలసీ దట్ మోర్ బుక్స్ మీన్ మోర్ మార్క్స్.’ ఎక్కువ పుస్తకాలు కొంటే ఎక్కువ మార్కులు వస్తాయని నమ్మావు, అది ఫ్యాలసీ. (నిజంగానే నమ్మితే మాత్రం ఆ కోఠి పుస్తకాల షాపుల చుట్టూ తిరగడం కొన్నాళ్లు ఆపు, ఉన్న పుస్తకాన్నే మూడుసార్లు చదువు.)

గుర్తుపెట్టుకోవాల్సిన వాక్యాలు పెద్దగా లేవు. ‘ఇట్ ఈజ్ ఎ ఫ్యాలసీ దట్’ అని మొదలుపెట్టి పక్కన ఆ నమ్మకాన్ని పూర్తి వాక్యంగా రాయడం ఒకటి. ‘దేర్ ఈజ్ ఎ ఫ్యాలసీ ఇన్ దిస్ ఆర్గ్యుమెంట్’ అని వాదనలో లోపం చూపించడం ఒకటి. ‘ది ఆర్గ్యుమెంట్ రెస్ట్స్ ఆన్ ఎ ఫ్యాలసీ’ అంటే ఈ వాదనంతా ఒక తప్పు మీద కూర్చుంది అని. ఎస్సేలకి ఈ మూడూ చాలు. విశేషణం కావాలంటే ‘ఫలేషియస్’, ‘ఫలేషియస్ ఆర్గ్యుమెంట్’ అంటారు, పలికేటప్పుడు ఒత్తు ‘లే’ మీద పడాలి. ఫ్యాలసీకి మాత్రం ఒత్తు మొదటి అక్షరం మీదే, ఫ్యాన్‌లో ‘ఫ్యా’ ఎలా అంటామో అలాగే. చాలామంది ‘పాలసీ’లాగా పలికేస్తారు, వినేవాళ్లు ఇన్సూరెన్స్ అనుకుంటారు, కొంచెం చూసుకో.

నీ రూమ్మేట్ ‘మోసమా’ అని అడిగాడే, అతను ఊరికే అనలేదు తమ్ముడూ. ఈ పదం లాటిన్‌లోని ‘ఫలేరే’ నుంచి వచ్చింది, దానికి మోసగించడం అనే అర్థం. ఇంగ్లీష్‌లోకి వచ్చిన కొత్తలో ఫ్యాలసీ అంటే కపటం, మాయ అనే వాడేవాళ్లు, తర్వాత్తర్వాతే అది ఆలోచనలో మోసానికి, అంటే మనల్ని మనమే మోసం చేసుకునే తర్కానికి పేరయింది. ఫాల్స్, ఫెయిల్, ఫాల్ట్, డిఫాల్ట్, ఇన్‌ఫాలిబుల్ అన్నీ ఆ కుటుంబమే. కింద పడటం అనే ‘ఫాల్’ మాత్రం చుట్టం కాదు, చూడ్డానికి అలా కనిపిస్తుందంతే. ఇన్ని ముళ్లున్న పదాన్ని పట్టుకొచ్చి ‘యూ ఆర్’ పక్కన పెట్టావు. ఇంగ్లీష్‌లో మనిషి ఎప్పుడూ ఫ్యాలసీ కాడు, మాట అవుతుంది, వాదన అవుతుంది, నమ్మకం అవుతుంది. గ్రామర్ పరంగా చూసినా నీ వాక్యం నిలబడదు, మనసు పరంగా అసలే నిలబడదు.

దీని పక్కింటి పదాలు కూడా చెప్తా, వాటి తేడా తెలిస్తేనే ఫ్యాలసీ ఎప్పుడు వద్దో తెలుస్తుంది. మనం తెలుగులో ‘అపోహ’ అనేదానికి దగ్గరగా ఉండేది ‘మిస్‌కన్సెప్షన్’. ఇది మెత్తని పదం, ఎవరినీ గుచ్చదు, విషయం తప్పుగా అర్థమైంది అని మాత్రమే చెప్తుంది, ఎందుకు తప్పయిందో చెప్పదు. నీకు ఏది వాడాలో డౌట్ వచ్చిన ప్రతిసారీ ఇదే వాడు, నష్టం ఉండదు. ఇద్దరి మధ్య మాట అటూ ఇటూ అయితే అది ‘మిసండర్‌స్టాండింగ్’, మన అపార్థం. ఆఫీసు ఉత్తరాల్లో, లాయర్ నోటీసుల్లో ఎదుటివాళ్లు పొరబడ్డారని మర్యాదగా చెప్పాలంటే ‘యూ సీమ్ టు బి అండర్ ఎ మిస్‌అప్రిహెన్షన్’ అంటారు. ‘డెల్యూజన్’ జోలికి మాత్రం పోకు, అది మానసిక వైద్యంలో ఒక జబ్బు లక్షణానికి పేరు, కోపంలో మనుషుల మీద విసిరే మాట కాదు.

నేను ఈ తేడా నేర్చుకున్నది పుస్తకంలో కాదు. టీచర్‌గా చేరిన కొత్తలో, ఒక తండ్రి తన కూతుర్ని కావాలనే వెనక బెంచీలో కూర్చోబెడుతున్నామని రాస్తే, నేను మంచి ఇంగ్లీష్ రాయాలనే ఆరాటంతో ‘యువర్ కంప్లైంట్ ఈజ్ బేస్డ్ ఆన్ ఎ ఫ్యాలసీ’ అని జవాబు పంపా. నా ఉద్దేశం ఏంటంటే, ఎత్తును బట్టి వరసలు వేశాం సార్, మీరు వేరేలా అనుకున్నారు అని. ఆయన ఎవరితోనో అర్థం చెప్పించుకున్నారు, నేను అబద్ధం ఆడానంటున్నారా అని మర్నాడు స్కూల్ గేటు దగ్గర నిలబడి అడిగారు, పక్కన ఆ పాప తల దించుకుని ఉంది. అక్కడ కావాల్సింది ‘మిసండర్‌స్టాండింగ్’ అనే చిన్న మాట, ఇంకా మంచిది తెలుగులో రెండు ముక్కలు. ఆ పాప మొహం నాకు ఇప్పటికీ గుర్తే, అందుకే నీ ఉత్తరం చదివి వెంటనే రాస్తున్నా.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, తెలుగు మీడియం వాళ్లు ఈ పదం చూసి ఇదేదో మనకి తెలియని లోకం అనుకుంటారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. అరిస్టాటిల్ ఇలాంటి తర్కదోషాలు 13 రకాలని లెక్కపెట్టాడు, సరే. మన దేశపు పాత తర్కశాస్త్రం, న్యాయదర్శనం అంటారు, అది కూడా వీటికి పేరు పెట్టింది, హేత్వాభాసం అని. హేతువులా కనిపిస్తుంది, హేతువు కాదు, అద్దంలో ప్రతిబింబంలాగా. కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్ పేపర్-1 సిలబస్‌లో ఇండియన్ లాజిక్ అని ఒక భాగం ఉంది, అందులో హేత్వాభాసాలు ఉన్నాయి, కాబట్టి ఇది పాతకాలం ముచ్చట కాదు, ఇవాళ పరీక్షలో వచ్చే పాఠం. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం రాసి, తర్కం నేర్చుకోవాలంటే ముందు ఇది చదవాల్సిందే అనిపించుకున్న అన్నంభట్టు మన తెలుగువాడే. అందులో ఒక హేత్వాభాసానికి ఉదాహరణ ఆకాశంలో పూసిన తామర: అది సువాసనగా ఉంటుంది, ఎందుకంటే తామర కాబట్టి. తామరలన్నీ వాసన వేయొచ్చు, కానీ ఆకాశంలో తామరే లేదు కదా, లేనిదాని మీద ఎంత గట్టి కాబట్టి వేసినా ఏం లాభం.

నాకు బాగా ఇష్టమైంది నిప్పు, పొగ ఉదాహరణ. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని చెప్పొచ్చు, ఇది సరైన ఊహ. తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుంది అంటే మాత్రం తప్పు. కమ్మరి కొలిమిలోంచి తీసిన ఎర్రటి ఇనుప ముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చికట్టె కూడా ఉండాలి. చూడు, ఎంత చిన్న విషయం, కానీ ఒకవైపు నడిచే దారి రెండోవైపు నడవకపోవచ్చు అని ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు. రోజూ మనం చేసే పొరపాటే ఇది. ఆఫీసర్ అయినవాళ్లంతా రోజుకి పన్నెండు గంటలు చదివారు, కాబట్టి పన్నెండు గంటలు చదివితే ఆఫీసర్ అవుతాం అని అశోక్ నగర్‌లో ఎంతమంది కళ్లు పోగొట్టుకుంటున్నారో. ఇక ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనే సామెతని మన వాళ్లు పుకార్లకి వాడతారు, ఒక ఆడపిల్ల గురించి ఎవడో ఏదో అంటే, ఏదో ఉండబట్టే కదా అంటారు. కొండ మీద పొగకి ఆ సామెత సరిపోతుంది, కానీ పుకారు పొగ కాదు, నిప్పు లేకుండానే నోటితో పుడుతుంది. పోలికని పట్టుకుని తీర్పు చెప్పేయడం కూడా ఫ్యాలసీయే, దీని వల్ల పాడైన జీవితాలు ఉన్నాయి, అందుకే గట్టిగా చెప్తున్నా.

కాకతాళీయం అనే మాట నువ్వు వాడే ఉంటావు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, సరిగ్గా అప్పుడే తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లే పండు పడింది అనుకుంటే అది ఇంగ్లీష్‌లో ‘పోస్ట్ హాక్ ఫ్యాలసీ’, ముందు జరిగింది కాబట్టి అదే కారణం అనుకోవడం. ఆ నీలం షర్ట్ వేసుకున్న రోజే ప్రిలిమ్స్ బాగా రాశా, మెయిన్స్‌కి కూడా అదే అని దాచుకునేవాళ్లు మీ హాస్టల్‌లో ఇద్దరన్నా ఉంటారు. షర్ట్ వేసుకుంటే తప్పేం లేదు, ధైర్యంగా ఉంటే వేసుకోనీ, కారణం అది కాదని తెలిస్తే చాలు. అలాగే స్థాలీపులాక న్యాయం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం, కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి అది చెల్లుతుంది. మనుషుల దగ్గర ఇదే చేస్తే, ఒక ఆటో అతను ఎక్కువ అడిగాడు కాబట్టి ఆటోవాళ్లంతా అంతే అంటే, అది ఫ్యాలసీ, ఎందుకంటే మనుషులు ఒకే కుండలో ఉడకలేదు.

మన హైదరాబాద్‌లోనే దీనికి రెండు పెద్ద కథలున్నాయి, ఎస్సేలో వాడుకోవచ్చు. బేగంపేట వైపు వెళ్తే సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఒక పాత భవనం ఉంటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఆయన దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది. అంతకుముందు శతాబ్దాల పాటు జనం ఏమనుకున్నారంటే చెడుగాలి వల్ల ఆ జ్వరం వస్తుందని, ఇటాలియన్‌లో ‘మాలా ఆరియా’ అంటే చెడుగాలి, మలేరియా పేరే అది. ఎందుకు నమ్మారు? బురద గుంటల దగ్గర వాసన ఉంటుంది, అక్కడే జ్వరాలు ఎక్కువ, కాబట్టి వాసనే కారణం. చూసినవి రెండూ నిజాలే. రాత్రిపూట కిటికీలు మూసుకున్నవాళ్లకి జ్వరం తగ్గేది కూడా, ఆగింది గాలి అనుకున్నారు, ఆగింది దోమ. ఇక్కడ చెడుగాలి నమ్మకాన్ని ‘మిస్‌కన్సెప్షన్’ అను, వాసన పక్కన జ్వరం ఉంది కాబట్టి వాసనే కారణం అనే అడుగుని ‘ఫ్యాలసీ’ అను, రెండు పదాల తేడా ఇంత సుళువుగా ఇంకెక్కడా దొరకదు. ఆ పాత మనుషులు తెలివితక్కువ వాళ్లు కాదు అనేది కూడా గమనించు, కళ్లెదుట ఉన్నదాన్నే పట్టుకున్నారు.

రెండోది క్లోరోఫాం. ఆపరేషన్‌లో మత్తుకి క్లోరోఫాం ఇస్తే కొందరు చనిపోయేవారు, గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అని డాక్టర్ల మధ్య పెద్ద గొడవ. ఇక్కడ నిజాం దగ్గర పనిచేసే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే కారణం, గుండెకేం కాదు అని గట్టిగా నమ్మాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిస్తే 1888లో, 1889లో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు జంతువుల మీద ప్రయోగాలు చేసి అదే మాట తేల్చాయి, రెండోసారి లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక పంపిన డాక్టర్ లాడర్ బ్రంటన్ కూడా వచ్చాడు. ఇంత పెద్ద పని జరిగింది, ఊపిరిని జాగ్రత్తగా చూడాలి అనే పాఠం మంచిదే, కానీ గుండెకేం కాదు అనేది నిలబడలేదు, తేలికపాటి క్లోరోఫాం మత్తులో కూడా గుండె లయ తప్పి ఆగిపోవచ్చని 1911లో లెవీ అనే ఆయన చూపించాడు. మేం చేసిన ప్రయోగాల్లో కనపడలేదు, కాబట్టి జరగదు. ఈ కాబట్టి మీద ఎంత డబ్బు, ఎంత పేరు పెట్టినా అది బలపడదు తమ్ముడూ.

ఇప్పుడు నీ రూమ్మేట్. అతని మాట ఫ్యాలసీనే కదా అని అడిగావు. అతని కాబట్టి ఎక్కడుందో చూద్దాం. కోచింగ్ సెంటర్ల గోడల మీద, ఫ్లెక్సీల మీద ర్యాంకర్ల ఫొటోలు చూస్తాడు, ఇంటర్వ్యూలు చూస్తాడు, వాళ్లలో చాలామంది ఇంగ్లీష్ మీడియం అని వింటాడు, కాబట్టి ఇంగ్లీష్ మీడియం వాళ్లకే వస్తుంది అనుకుంటాడు. కానీ ఇంగ్లీష్ మీడియంలో చదివి, రాసి, రానివాళ్లకి ఫ్లెక్సీ ఎవరు కడతారు? వాళ్లు అదే లైబ్రరీలో మీ పక్క కుర్చీలోనే ఉన్నారు, గోడ మీద లేరు. ఏ మీడియం వాళ్లు ఎంతమంది రాశారు, అందులో ఎంతమంది గట్టెక్కారు అనే రెండు లెక్కలూ పక్కపక్కన పెడితేనే మీడియం గురించి మాట్లాడొచ్చు. నెగ్గినవాళ్లని మాత్రమే చూసి లెక్క కట్టడాన్ని ఇంగ్లీష్‌లో ‘సర్వైవర్‌షిప్ బయస్’ అంటారు. కాబట్టి అవును, ఆ అడుగు ఫ్యాలసీయే. ‘మనసొంటోళ్లకు రాదు’ అనేదైతే ఒక్క మనిషితో విరిగిపోతుంది, 2016 సివిల్స్‌లో శ్రీకాకుళం జిల్లా వాడైన రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే పరీక్ష రాసి ఆలిండియా 3వ ర్యాంకు తెచ్చుకున్నారు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా విను. గోపాలకృష్ణకి వచ్చింది కాబట్టి తెలుగు మీడియం వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు అని నువ్వంటే, అది నీ ఫ్యాలసీ. ఒక్క మనిషి ‘రాదు’ని విరగ్గొడతాడు, ‘సులువు’ని నిలబెట్టలేడు. ఇంకా ముఖ్యమైంది, ఒకరి వాదన తప్పని చూపించినంత మాత్రాన వాళ్లు చెప్పిందంతా అబద్ధమైపోదు. ఇలా అనుకోవడాన్ని కూడా ఇంగ్లీష్‌లో ఫ్యాలసీయే అంటారు, ‘ఫ్యాలసీ ఫ్యాలసీ’ అని. మంచి మెటీరియల్ ఇంగ్లీష్‌లో ముందు వస్తుంది, తెలుగులోకి వచ్చేసరికి అనువాదం ముళ్లలా గుచ్చుకుంటుంది, మెయిన్స్ తెలుగులో రాయనిచ్చినా జనరల్ ఇంగ్లీష్ పేపర్ గట్టెక్కాల్సిందే, నోట్స్ కోసం ఒక వాక్యానికి నాలుగుసార్లు డిక్షనరీ చూడాలి. ఇదంతా నీకు తెలుసు, నువ్వే రోజూ పది పదాలు రాసుకుంటున్నావు కదా. అతని బాధ నిజం, బాధ నుంచి గీసిన గీత తప్పు. నువ్వు గీత మీద మాట్లాడాలనుకున్నావు, అతనికి మాత్రం బాధనే కొట్టిపారేశావని వినపడింది. పైగా ఏ ఇంగ్లీష్ తనని తొక్కేస్తుందని బాధపడుతున్నాడో ఆ ఇంగ్లీష్‌లోనే అన్నావు.

అతను రోజూ రాత్రి ఆ మాట అంటున్నాడంటే నాకైతే అది వాదనలా అనిపించట్లేదు, భయంలా అనిపిస్తుంది. ఇంటి నుంచి డబ్బు వస్తుంది, నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి, వయసు పోతుంది, రేపు రాకపోతే నాన్నకి ఏం చెప్పాలి అనే భయం ముందే ఒక కారణం వెతికి పెట్టుకుంటుంది. అలాంటి మాటకి తర్కంతో జవాబు చెప్పాలని చూడకు. ముందు పక్కన కూర్చో.

ఇవాళ సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చేటప్పుడు అతన్ని ఇరానీ చాయ్‌కి తీసుకెళ్లు, రానంటే నువ్వే రెండు ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకుని రూమ్‌కి పట్టుకెళ్లు. సంజాయిషీ పొడుగ్గా చెప్పకు. ‘నిన్ను అబద్ధమన్లేదురా, మాట తప్పుగా వాడిన, నాకు కూడా పూర్తిగా తెలవదు ఆ పదం’ అను, మీ మాటల్లోనే అను. ఫ్లెక్సీల సంగతి అప్పుడే ఎత్తకు. రెండ్రోజులు పోయాక, అతనే మళ్లీ ఆ మాటంటే, ‘గోడ మీద రానోళ్ల ఫొటోలు కూడా పెడితే ఎట్లుంటుండె?’ అని అడుగు చాలు, మిగతాది అతనే ఆలోచిస్తాడు, తెలివైనవాడిలాగే ఉన్నాడు, అర్థం నచ్చకపోయినా ఫోన్ తీసి డిక్షనరీ చూసిన మనిషి అతను.

నోట్‌బుక్‌లో ఫ్యాలసీ పక్కన ‘తప్పుడు నమ్మకం’ కొట్టేయకు, దాని కింద ‘తప్పు కాబట్టి’ అని ఇంకో లైన్ రాసుకో, మనుషుల పక్కన వాడొద్దని కూడా రాసుకో. రేపటి ఎడిటోరియల్‌లో కాబట్టిలు ఎక్కడున్నాయో ఇద్దరూ కలిసి పెన్సిల్‌తో గీతలు పెట్టండి, రోజుకి పది పదాల కంటే మెయిన్స్‌కి అదే ఎక్కువ పనికొస్తుంది. ఆ ఎస్సేని మళ్లీ రాసి నాకు పంపు, అతనిది కూడా ఉంటే కలిపి పంపు, రెండూ దిద్ది పంపిస్తా.